కదలని పాలపిట్ట

దసరా రోజుకు ఓదెలు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. పొద్దున తలంటు, మధ్యాహ్నం రెండు ముద్దలు తిని ఒక కునుకు, సాయంత్రం తెల్ల ధోవతి కట్టుకుని ఊరికి పాలపిట్టను చూపించడం, తరువాత జమ్మి, ఆ తరువాత మటన్. ఏటా ఇదే వరుస. కౌసల్య పొద్దున్నే మసాలా నూరుతూ ఉంటే, ఆయన వాకిట్లో కూర్చుని ధోవతికి ఇస్త్రీ చేయించాలా, మడత చాలునా అని ఆలోచిస్తున్నాడు. ఇంతకన్నా పెద్ద సమస్య ఆ రోజు వస్తుందని ఆయన అనుకోలేదు.

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని అందరికీ తెలుసు. మిగతా ఊళ్ళలో ఎవరి పిట్టను వాళ్ళే వెతుక్కుంటారు. గడ్డపోతారం కంపెనీల వెనకనున్న ఎర్రబండలో మాత్రం అట్లా కాదు. అక్కడ పిట్టను చూపించడం ఓదెలు ఇంటి హక్కు. తాత చూపించాడు, తండ్రి చూపించాడు, ఇప్పుడు ఓదెలు చూపిస్తున్నాడు. ఆయన ఊరి బయటి బండ మీద నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుగు దిక్కులూ చూసి, చివరికి వేలు చాపి "అగో" అంటాడు. ఊరంతా అటు చూసి "కనబడ్డది" అంటుంది. అందరూ ఆ మాట అన్నాకనే జమ్మి చెట్టు దగ్గరికి పోవాలి. జమ్మి ఆకును బంగారం అంటారు కదా, ఆ మొదటి బంగారం పిట్టను చూపించినవాడి చేతిలో పెట్టాలి. ఇదంతా అయ్యేదాకా ఎవరి ఇంట్లోనూ మటన్ గిన్నె దించరు. అందువల్ల "కనబడ్డది" అనడానికి ఎర్రబండలో ఎవరూ ఎక్కువ సమయం తీసుకోరు.

కంపెనీలో ఓదెలు టైం ఆఫీసు గుమస్తా. అక్కడ పొద్దటి నుంచి సాయంత్రం దాకా వచ్చేపోయే ఆఫీసర్లందరికీ లేచి నిలబడి, వంగి, మళ్ళీ కూర్చోవడమే పని. ఏడాదికి ఒక్క రోజు, బండ మీద, ఆయన నడుము నిటారుగా నిలబడేది. ఆ రోజు ఆయన్ను చూస్తే కౌసల్యకు పెళ్ళినాటి మనిషి గుర్తుకొచ్చేవాడు.

చిక్కేమిటంటే నాలుగేళ్ళ నుంచి ఓదెలుకు దూరపు చూపు ఆనడం లేదు. హాజరు కార్డులు చేతిలో పట్టుకుని చూసేవి కాబట్టి ఆఫీసులో ఇబ్బంది లేదు. అద్దాలు పెట్టుకోమని కౌసల్య చెప్పి చెప్పి విసిగిపోయింది. పిట్టను చూపించేవాడు అద్దాలు పెట్టుకోవడమంటే వంటవాడు పక్కింటి నుంచి కూర తెచ్చుకున్నట్టేనని ఓదెలు అభిప్రాయం. పైగా ఆయనకు అద్దాల అవసరమే కలగలేదు. ఊరికి తూర్పున పాత టెలిఫోన్ తీగ ఒకటి, ఏ కబురూ మోయకుండా ఊరికే వేలాడుతుంటుంది. నాలుగేళ్ళుగా పాలపిట్ట వచ్చి సరిగ్గా ఆ తీగ మీదే, సరిగ్గా ఒకే చోట కూర్చుంటున్నది. ఓదెలు కళ్ళకు అది నీలంగా, మసగ్గా, చక్కగా కనిపిస్తున్నది.

"మా తాత పుణ్యం," అనేవాడు ఆయన. "యాడికి పోతది? ఇంటి పిట్ట లెక్క వస్తది."

ఆ ఇంటి పిట్ట కంపెనీ డ్రమ్ముల లోపల వేసే నీలం ప్లాస్టిక్ కవరు. ఏ గాలివానకో ఎగిరొచ్చి తీగకు చుట్టుకుంది. బండ మీది నుంచి చూస్తే, మంచి కళ్ళున్నవాళ్ళకు కూడా అక్కడ నీలంగా ఏదో ఉందని మాత్రమే తెలుస్తుంది. తేరిపార చూసే ఓపిక మటన్ వాసనకు ఎవరికీ మిగలదు. సంగతి తెలిసింది ఒక్క కౌసల్యకే. కిందటి వానాకాలం గడ్డి కోసుకోవడానికి ఆ తీగ కిందికి పోయి తలెత్తి చూసింది. చూసి, గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని, నోరు కుట్టేసుకుని ఇంటికి వచ్చింది. మొగుని నడుము ఒక్కరోజైనా నిటారుగా ఉంటుంటే దాన్ని వంచడానికి ఆమెకు మనసు ఒప్పలేదు.

అట్లా రోజులు గడిచిపోయేవే. కానీ కిందటి దసరాకు మొగులయ్య బామ్మర్ది జోగిపేట నుంచి వచ్చి, అందరితో పాటు చూసి, "బావా, గా పిట్ట జెర గూడ కదులుతలేదేంది?" అన్నాడు. మొగులయ్య కంపెనీల్లో ప్యాకింగ్ పనికి మనుషులను పెట్టే కాంట్రాక్టరు. ఊర్లో మొదటి బోరు ఆయనది, మొదటి డాబా ఇల్లు ఆయనది. మొదటి బంగారం మాత్రం ఆయనది కాదు. ఆ ముల్లు చాలా రోజులుగా గుచ్చుకుంటున్నది. బామ్మర్ది మాట పట్టుకుని ఆయన ఈ ఏడు చావడి దగ్గర నలుగురిలో ప్రకటించాడు.

"ఈసారి పిట్టను నేను నిమ్మలంగ చూస్త. నాకు కనబడకపోతే వచ్చే ఏడు సంది పిట్టను మా ఇంటోళ్ళు సూపెడ్తరు."

"సూడు," అన్నాడు ఓదెలు. "కండ్లు కడుక్కొని సూడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

మసాలా నూరడం అయ్యేసరికి వాకిట్లో సైకిళ్ళు ఆగాయి. కంపెనీ సెక్యూరిటీ సూపర్‌వైజర్ లింగం, ఆయన వెనక ఖాకీ బట్టల్లో లాఠీలతో ఇద్దరు వాచ్‌మన్లు. లింగం పండుగ నాడు కూడా బెల్టు బిగించే మనిషి.

"ఓదెలు సార్, జీయం సార్ ఫోన్ చేసిండు. మనకాడ మిషన్ బిగిస్తున్న డెన్మార్క్ ఇంజనీర్ లేడా, ఆయన భార్య ఇండియాకు సెలవుల మీద వచ్చిందంట. ఆమెకు పిట్టలంటే పానమంట. ఏ దేశం పోయినా గైడును పెట్టుకొని పిట్టలు చూస్తదంట. సాయంత్రం నాలుగింటికి మన ఎర్రబండకు వస్తది. మీరు పాలపిట్టను చూపెట్టాలె."

ఓదెలు లేచి నిలబడ్డాడు. వంగలేదు. ఎప్పుడో టైం ఆఫీసు ముందు జీయం, అంటే జనరల్ మేనేజరు, ఆగి, దసరాకు ఏం చేస్తారయ్యా అని అడిగితే, పాలపిట్ట గురించి తాత దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాడు. పెద్ద సారు అది గుర్తుపెట్టుకున్నాడన్నమాట.

"మరి వీళ్ళెందుకు?" అన్నాడు వాచ్‌మన్లను చూపించి.

"డ్యూటీ సార్. ఎర్రబండల బర్డ్ వాచింగ్ ఉన్నది, ఏర్పాట్లు చూడుమన్నడు. అప్పటిదాక బర్డ్‌కు వాచ్ పెట్టాలె గద. బర్డ్ ఎక్కడ ఉంటది?"

లింగం సర్వీసులో వాచ్ అనే మాటకు ఒకే అర్థం ఉంది. గేటు వాచ్, గోడౌన్ వాచ్, రాత్రి వాచ్. ఇప్పుడు బర్డ్ వాచ్. కొత్త పోస్టు అనుకున్నాడు, అంతే. ఓదెలుకూ అందులో వింతేమీ తోచలేదు. తన పిట్టకు కంపెనీ కాపలా పెట్టడం ఆయనకు ఎంతో సముచితంగా కనిపించింది.

"ఇంకోటి సార్," అన్నాడు లింగం. "మేడం పెద్ద దుర్బీన్ తెస్తదంట. మూడు కాళ్ళది. అండ్ల చూస్తే పక్క ఊరి ఈగ గూడ కనబడ్తదంట."

వంటింట్లో గరిటె కింద పడ్డ చప్పుడు వినిపించింది.

ఓదెలు లింగాన్ని వెంటబెట్టుకుని బండ మీదికి పోయాడు. దారిలో కనిపించిన ప్రతి మనిషికీ ఆగి చెప్పాడు, ఎర్రబండ పిట్టను చూడడానికి డెన్మార్క్ నుంచి వస్తున్నారని. బండ మీద నిలబడి వేలు చాపి, "అగో, అదే," అన్నాడు. లింగం ఇద్దరు మనుషులతో తీగ కిందికి నడిచిపోయి, తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ కవరును ఆయన రోజూ గోడౌన్‌లో చూస్తాడు. కానీ సీలు వేసిన డ్రమ్ములో ఏముందని కాపలావాడు అడగకూడదనే సూత్రం మీదనే ఆయన ఇంతకాలం నెగ్గుకొచ్చాడు. చూపించింది కాయడమే మన పని అనుకుని, ఒక వాచ్‌మన్‌ను తీగకు ఇటు, ఇంకొకరిని అటు నిలబెట్టాడు.

కౌసల్య పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టి పక్కింటికి పరుగెత్తింది. పక్కింట్లో ఉండేది బడిపంతులు సుందర్‌రాజు. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్తాడు, మిగతా రోజులు బడిలో లెక్కలు చెప్తాడు. ఇంగ్లీషు మాట్లాడగలవాడు ఊర్లో ఆయనొక్కడే కాబట్టి సాయంత్రం మేడం మాటలు తెలుగులో చెప్పడానికి ఓదెలు అప్పటికే ఆయన్ను ఒప్పించాడు.

"సారూ, అది పిట్ట గాదు," అన్నది కౌసల్య. "కవరు."

సుందర్‌రాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాలుగేండ్ల సంది నేను గూడ కనబడ్డదనే అన్న గదక్కా."

"అందరం అన్నం. ఇప్పుడు దుర్బీన్ వస్తున్నది. మొగులయ్య అండ్ల చూస్తడు. ఊరందరి ముంగట మా ఆయన ఇజ్జత్ పోతది. జెర ఆ కవరు తీసేద్దాం పా. పిట్ట ఎగిరిపోయిందని చెప్పొచ్చు."

"తీద్దాం. అది అబద్ధం గూడ కాదు. గాలికి వచ్చింది, గాలికి పోయింది."

చింతకాయలు రాల్చే పొడుగు దోటి పట్టుకుని ఇద్దరూ చేనుగట్ల మీదుగా తీగ దగ్గరికి చేరారు. దోటి పైకి లేచేలోపే లింగం విజిల్ ఊదాడు.

"అక్కా, ముట్టద్దు. ఆర్డర్ లేదు."

"అన్నా, అది కవరు."

"నాకెరుకనే. మన కంపెనీ కవరే. అందుకే ఇంత గట్టిగ కాస్తున్న."

లెక్కల పంతులు ఈ తర్కాన్ని రెండుసార్లు కూడి చూసుకున్నాడు. దోటి దించుకుని ఇద్దరూ వెనక్కి తిరిగారు. కానీ గొర్లను తోలుకుపోతున్న ఎల్లయ్య గట్టు మీది నుంచి చూడనే చూశాడు. ఆయనకు కనిపించింది ఇంతే: సుందర్‌రాజు సారు చేతిలో పొడుగు కట్టె, వాచ్‌మన్ల చేతుల్లో లాఠీలు, మధ్యన తీగ.

ఊర్లోకి చేరేసరికి ఆ మాటకు రెక్కలొచ్చాయి. సారు పిట్టను కొట్టబోతే వాచ్‌మన్లు ఆపారని మొదటి వీధిలో అన్నారు. సారు కాదు, వాచ్‌మన్లే పట్టబోతే సారు అడ్డం పడ్డాడని రెండో వీధిలో అన్నారు. చావడి దగ్గరికి వచ్చేసరికి దొరసాని పిట్టను పంజరంలో పెట్టి డెన్మార్క్ తీసుకుపోతున్నదని, అందుకు కంపెనీ కాపలా పెట్టిందని, ఓదెలు ఒప్పుకున్నాడని తేలిపోయింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. ఇక్కడ పిట్టే లేదు, కూత మాత్రం గడ్డపోతారం దాకా వినిపించింది.

మూడు గంటలకల్లా బండ దగ్గర ఎన్నడూ లేనంత జనం. చిట్కుల్‌లో కిరాయికి ఉంటున్న షిఫ్టు మనుషులు కూడా పండుగ సెలవు కదా అని గుంపుగా వచ్చారు. డప్పులు వచ్చాయి. అందరి ముందర మొగులయ్య నిలబడ్డాడు.

"ఏందోయ్ ఓదెలు, మన పిట్టను పరాయి దేశం పంపుతున్నవంట?"

ఓదెలుకు కోపం అగ్గి మీద గుగ్గిలంలా లేచింది. "పంపుతే పోతదా అది? నాలుగేండ్ల సంది ఒక్క అడుగు జరగలే. దానికి మన ఊరంటే అంత పానం."

ఆయన పక్కన నిలబడ్డ కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

నాలుగు దాటాక కంపెనీ జీపు వచ్చింది. దిగిన మనిషి పొడుగ్గా, ఎర్రగా, నెరిసిన జుట్టుతో, పెద్ద గడ్డిటోపీతో ఉంది. పేరు ఇంగ్రిడ్ అని డ్రైవర్ చెప్పాడు, ఊరు దొరసాని అనే పిలిచింది. ఆమె అంత జనాన్ని చూసి మొదట కొంచెం జంకి, తరువాత ముఖం విప్పారి సుందర్‌రాజుతో ఏదో అన్నది.

"ఒక్క పిట్టను చూడనీకె ఊరు ఊరంత రావడం ఆమె ఏ దేశంలనూ చూడలేదంట," అన్నాడు సుందర్‌రాజు. "మన ఊరికి దండం పెడ్తున్నదంట."

ఎర్రబండ ఛాతీ విరుచుకుంది. అప్పటిదాకా అనుమానంగా చూసినవాళ్ళు కూడా తలపాగాలు సర్దుకున్నారు. మొగులయ్య సైతం కొంచెం ముందుకు జరిగి, ఆమె కళ్ళకు బాగా ఆనేట్టు నిలబడ్డాడు.

దొరసాని మూడుకాళ్ళ దుర్భిణిని బండ మీద నిలబెట్టింది. ఓదెలు తెల్ల ధోవతితో, తాత నిలబడ్డ చోటే నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, ఉత్తరం చూశాడు, దక్షిణం చూశాడు, ఊపిరి బిగబట్టి తూర్పుకు తిరిగి వేలు చాపాడు.

"అగో."

"కనబడ్డది," అన్నది ఊరు అలవాటుగా.

దొరసాని దుర్భిణిలో కన్ను పెట్టింది. తిప్పింది, బిగించింది, మళ్ళీ చూసింది. కౌసల్య కళ్ళు మూసుకుంది. దొరసాని తలెత్తి సుందర్‌రాజుతో, అది నీలం ప్లాస్టిక్ లాగా ఉందని, అయినా తాను పొరబడి ఉండవచ్చని, తన జీవితంలో ఇంత కదలకుండా కూర్చున్న పక్షిని చూడలేదని మర్యాదగా అన్నది.

"ఏమంటున్నది?" అన్నాడు మొగులయ్య.

సుందర్‌రాజు నుదుటన చెమట పట్టింది. ఆయన అబద్ధం ఆడడు. ఆదివారం పిల్లలకు చెప్పే మొదటి పాఠమే అది. కానీ ఆమె చెప్పిన మాటల్లో చివరిది కూడా నిజమే కదా, ముందుగా దాన్నే చెప్తే తప్పేమిటి అని ఆయన లెక్క వేసుకున్నాడు.

"ఇంత నిమ్మలంగ కూసున్న పిట్టను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదంట."

ఓదెలు ముఖం వెలిగిపోయింది. "జెప్పలేదా?" అన్నాడు అందరినీ చూసి.

"జరుగు," అన్నాడు మొగులయ్య. "నేను చూస్త."

డప్పులు ఆగాయి. మొగులయ్య వంగి దుర్భిణికి కన్ను ఆనించాడు. కవరు చేతికి అందేంత దగ్గరగా, గాలికి చిన్నగా వణుకుతూ కనిపించింది. దాని మీది అచ్చు అక్షరాలు కూడా కనిపించాయి. ఆ అక్షరాలు ఆయన మనుషులు రోజూ మడతపెట్టేవే. మొగులయ్య పెదవుల మీద నవ్వు మొలిచింది. ఇంతకాలం ఎదురుచూసిన మాట నాలుక చివరికి వచ్చింది.

ఆ మాట అనడానికే ఆయన తలెత్తాడు. ఎదురుగా ఊరు నిలబడి ఉంది. కొత్త బట్టలు కట్టుకుని, చేతులు జోడించుకుని, నాలుగేళ్ళుగా మొక్కుతున్న దిక్కుకే తిరిగి ఉంది. ముందు వరుసలో ఆయన తల్లి ముత్యమ్మ, కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటున్నది. పక్కన దొరసాని, ఇప్పుడే ఈ ఊరికి దండం పెట్టిన మనిషి. చిట్కుల్ నుంచి వచ్చిన పరాయి ఊరి మనుషులు అన్నీ చూస్తున్నారు. మీ ఊరు ప్లాస్టిక్ కవరుకు మొక్కుతదంట గదా అని వాళ్ళు రేపు పొద్దున షిఫ్టు బస్సులో అనే మాట మొగులయ్యకు ఇప్పుడే వినిపించింది. ఓదెలు ఇజ్జత్ ఒక్కటే పోయేదైతే ఆయన సంతోషంగా తీసేవాడే. ఊరిది కూడా దానితో కలిసి మూటకట్టి ఉంది.

నాలుక చివరి మాటను మొగులయ్య మింగాడు. గొంతులో చేప ముల్లు దిగినట్టు దిగింది.

"కనబడ్డది," అన్నాడు. "కండ్ల నిండ కనబడ్డది."

డప్పులు మోగాయి. ఇక ఆగుతారా. ఒకరి వెనక ఒకరు వరుస కట్టారు. వంగి చూసిన ప్రతివాడూ ఒక్క క్షణం బిగుసుకుపోయి, తలెత్తి మొగులయ్య ముఖం చూసి, ఆ ముఖంలోని హెచ్చరిక చదువుకుని "కనబడ్డది" అంటూ పక్కకు జరిగాడు. ఎల్లయ్య "మంచిగ కనబడ్డది" అని ఒక మాట ఎక్కువే వేశాడు. దొరసాని ఒక్కొక్కరి నోరు చూస్తూ, ఆ మాటను తనలో తాను పలికి చూసుకుంటున్నది.

ఓదెలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయి మొగులయ్యను కావలించుకున్నాడు. "నువ్వు కనబడలే అంటవని భయపడ్డ మొగులన్నా," అన్నాడు. "నేను గూడ ఒక్కసారి చూస్త. మా తాత పిట్టను గింత దగ్గరగ ఎన్నడూ చూడలే."

"నువ్వెందుకయ్యా," అన్నది కౌసల్య గబగబా. "కూర అడుగంటుతది. ఇగ పోదాం పా."

"పొయ్యి మీద కూర ఏటా ఉంటది," అని ఓదెలు వంగాడు.

చాలాసేపు లేవలేదు. ముందు అది పిట్టేనేమోనని వెతికాడు, తరువాత పిట్ట దాని వెనక ఉందేమోనని వెతికాడు. అన్నీ అర్థమయ్యాయి. నాలుగేళ్ళ వేలు చాపడం, ఊరి నోట ఆ మాట, మొగులయ్య గొంతులో ముల్లు, కూర అడుగంటుతుందన్న పెండ్లాం కంగారు. సిగ్గుతో ఆయన ఒళ్ళు కాలిపోయింది. లేచి నిలబడేసరికి నడుము టైం ఆఫీసులో మాదిరి వంగి ఉంది.

"సారూ," అన్నాడు సుందర్‌రాజుతో మెల్లగా, "దొరసానమ్మకు చెప్పుండ్రి. ఇది..."

మాట పూర్తి కాలేదు. అంత జనం తొక్కిళ్ళకు గడ్డిలోని మిడతలన్నీ లేచి ఎగురుతున్నాయి. వాటి కోసమే కాబోలు, ఎక్కడి నుంచో ఒక పిట్ట దిగి ఒక మిడతను ముక్కున కరుచుకుని, పోయి జీపు మీది ఇనుప కమ్మీ మీద కూర్చుంది. మట్టిరంగు ఒళ్ళు, పెద్ద తల. ఎవరూ పట్టించుకోలేదు. ఓదెలుకు మాత్రం అది పది అడుగుల్లో ఉంది. పది అడుగుల్లో ఆయన కళ్ళకు ఏ లోపమూ లేదు. తాత భుజాల మీద కూర్చుని చూసిన రోజుల్లో కూడా పాలపిట్ట అట్లాగే, రంగంతా లోపల దాచుకుని, మట్టిపిట్టలా కూర్చునేది.

"అగో," అన్నాడు. వేలు జీపు వైపు చాపాడు.

"కనబడ్డది, కనబడ్డది," అన్నది జనం తిరిగి చూడకుండానే. అప్పటికే సగం మంది జమ్మి దారి పట్టారు.

మొగులయ్య మాత్రం చూసి పళ్ళు కొరికాడు. ఇంత కష్టపడి ఇజ్జత్ నిలబెడితే ఈ మనిషి మళ్ళీ తవ్వుతున్నాడు. "ఓదెలు, పండుగకు ఒక్కటే పిట్ట. గది నీలం గూడ లేదు. పైంగ కదులుతున్నది."

ఇంతలో లింగం దూరం నుంచి చూశాడు. కాపలా ఉన్న స్థలంలోకి అనుమతి లేని పిట్ట వచ్చింది. ఆయన విజిల్ ఊదుతూ, లాఠీ ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "ష్, పో. దీనికి ఆర్డర్ లేదు."

పిట్ట రెక్కలు విప్పింది.

మట్టిరంగు ఎటుపోయిందో తెలియదు. ముదురు నీలం, లేత నీలం, మళ్ళీ ముదురు నీలం, అన్నీ ఒక్కసారిగా విచ్చుకుని, సాయంత్రపు ఎండలో జనం తలల మీదుగా, ముత్యమ్మ నెత్తికి జానెడు ఎత్తున దూసుకుపోయాయి. డప్పు కొట్టేవాని చెయ్యి గాలిలోనే ఆగింది. జమ్మి దారి పట్టినవాళ్ళు వెనక్కి తిరిగి నోళ్ళు తెరిచారు. పిట్ట పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, పోయిపోయి ఆ పాత తీగ మీదే, నీలం కవరు పక్కనే వాలింది.

నాలుగేళ్ళలో మొదటిసారి ఎవరూ "కనబడ్డది" అనలేదు. నిజంగా కనబడ్డప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తుకు రాలేదు.

దుర్భిణికి కన్ను ఆనించి ఉన్న దొరసానికి మాత్రం గుర్తుంది. ఇంతసేపూ విని విని నేర్చుకున్న మాట అది. టోపీ కిందపడేట్టు ఎగిరి, "కనబద్దదీ, కనబద్దదీ" అని అరిచింది. దాంతో ఊరు నవ్వింది, ఏడ్చింది, అరిచింది. ఓదెలు ఏడుస్తూనే నిలబడ్డాడు. నడుము ఎప్పుడు నిటారైందో ఆయన చూసుకోలేదు, కౌసల్య చూసుకుంది.

గోల తగ్గాక చిట్కుల్ మనిషి ఎవరో అడగనే అడిగాడు. "మరి ఇది పాలపిట్ట అయితే, పక్కన కూసున్నది ఏంది?"

మొగులయ్య నేల చూశాడు. సుందర్‌రాజు ఆకాశం చూశాడు. ఓదెలు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

"గదా?" అన్నది కౌసల్య ముందుకు వచ్చి. "అది మగపిట్ట. కూసున్నకాడికెంచి లేవది. ఎగిరేది, తిరిగేది, మిడతలు పట్టేది అంత ఆడిదే."

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అవునన్నారు. ఎవరి ఇంట్లోని మగపిట్టను వాళ్ళు తిరిగి చూశారు. దాని మీద వాదించే ధైర్యం ఎర్రబండలోనే కాదు, చిట్కుల్‌లో కూడా ఏ మగవానికీ లేదు.

జమ్మి దగ్గర మొదటి బంగారం ఓదెలు చేతిలో పెట్టారు. ఆయన దాన్ని అట్లాగే తీసుకుపోయి మొగులయ్య చేతిలో పెట్టాడు. తరాలుగా ఆ ఇంట్లోనే ఉన్న ఆకు మొదటిసారి చేతులు మారింది. మొగులయ్య ఉక్కిరిబిక్కిరయ్యాడు, కావలించుకున్నాడు, తరువాత చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"దాని మీద ఇంగ్లీషుల ఏమని రాసి ఉన్నదో తెల్సా? చల్లటి జాగల, ఎండ తగలకుంట పెట్టాలె అని. నాలుగేండ్ల సంది దాన్ని ఎండల కూసోబెట్టినవ్ గదయ్యా."

ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వులో వాళ్ళ పాత పగ ఏమైందో ఎవరూ వెతకలేదు. దొరసాని ఆ రాత్రి కౌసల్య చేతి మటన్ తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, ఇట్లాంటి గైడు తనకు ఇంతవరకు దొరకలేదని జీయంకు చెప్తానన్నదట. పిట్టను చూపించిన గైడులు చాలామంది ఉన్నారు కానీ చూపించి ఏడ్చినవాడు ఇతనొక్కడేనని కూడా అన్నదట. సుందర్‌రాజు ఈ రెండు మాటలూ ఏమీ విడిచిపెట్టకుండా తెలుగులో చెప్పాడు.

మరుసటి దసరాకు ఓదెలు కళ్ళద్దాలు పెట్టుకుని, తలెత్తుకునే బండ ఎక్కాడు. పిట్టను వెతకడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. కవరును మాత్రం తీయడానికి వీలు పడలేదు. బర్డ్ వాచ్ ఆపమని కంపెనీలో ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు కాబట్టి లింగం పొద్దున్నే ఇద్దరు మనుషులతో వచ్చి తీగ కింద నిలబడ్డాడు. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు సెల్యూట్ కొట్టి ఓదెలుకు రిపోర్టు ఇచ్చాడు, పిట్ట ఎక్కడికీ పోలేదని.